చిక్కిపోయావని ఎవరూ అనలేదు

ఇలోయిలో,
ఫిబ్రవరి.

అక్కా,

ఈ ఉత్తరం నీకంటే ముందు మీ మఠం మదర్ గారు చదువుతారు కాబట్టి మొదట ఆవిడకి దండాలు. మదర్, ఇందులో పాపం ఏమీ లేదు, అంతా మా ఆఫీసు గోలే. చదివి మా అక్కకి ఇచ్చేయండి.

పోయినవారం మా ఆఫీసులో పని ఆపించి అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టారు. మేం చూసేది ఎక్కడో అవతలి దేశం వాళ్ల బీమా కాయితాలు కదా. ఆ దేశంలోని పెద్దాఫీసు నుంచి హుకుం వచ్చిందట, ప్రతి ఉద్యోగికీ వైవిధ్య శిక్షణ ఇవ్వాలని. అంటే మనుషులు రకరకాలుగా ఉంటారు, ఏ రకాన్నీ తక్కువ చేయకూడదు అని నేర్పడం. మా సూపర్‌వైజరు మనాంగ్ పెర్లా నీకు తెలుసుగా, ఊరందరికీ అక్క. "ఇది చెప్పడానికి మనీలా నుంచి మనిషి దిగాలా? మా వీధికొస్తే రకాలన్నీ నేనే చూపిస్తాను" అంది. అందరం నవ్వాం.

వచ్చినావిడ పేరు మిస్ ట్రిక్సీ. మంచిదే. పొద్దున సెషన్ బాగానే జరిగింది. పంది మాంసం తినని కుర్రాడి ముందు ఏం మాట్లాడకూడదు, పౌడరూ లిప్‌స్టిక్కూ వేసుకొచ్చే మా రోమెల్‌ని ఏమని పిలవకూడదు, ఇవన్నీ చెప్పింది. మేం తలలూపాం. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక ప్రశ్న అడిగింది. "పొద్దున్నే రాగానే మీరు ఒకరినొకరు ఎలా పలకరించుకుంటారు?"

గదంతా ఒక్క గొంతుతో అంది, "లావయ్యావు!" అని. అని, పడీ పడీ నవ్వాం. అంతే కదక్కా? మనవాళ్లు ఇంకెలా పలకరించుకుంటారు?

మిస్ ట్రిక్సీ నవ్వలేదు. "అప్పుడు అవతలివాళ్లు ఏమంటారు?" అంది. "నువ్వు మాత్రం తక్కువా అంటారు" అన్నాడు రోమెల్. మళ్లీ నవ్వులు. ఆ నవ్వుల మధ్యలోంచి ఎక్కిళ్లు వినిపించాయి. చూస్తే బెంబెమ్.

బెంబెమ్ నా పక్క సీటు. మనిషి భారీగా ఉంటుంది. మా అందరిలోకీ గట్టిగా నవ్వేది తనే. "నాకు ఆ మాట వద్దు" అంది. "ప్రతి పొద్దున్నా జీప్నీ దిగి గేటు దగ్గర ఆగుతాను. నవ్వు మొహం పెట్టుకుని అప్పుడు లోపలికొస్తాను. ఈ ఆఫీసులో చేరిన నాటి నుంచీ అంతే. నన్నెవరూ బావున్నావా అని అడగలేదు. నా ఒళ్లునే పలకరిస్తారు."

నేనూ రోజూ అన్నదాన్నే. ప్రేమగానే అన్నాను అక్కా, ఒట్టు.

ఇక రూలు వచ్చేసింది. ఒకరి ఒంటి గురించి ఇంకొకరు మాట్లాడకూడదు. లావు, సన్నం, నలుపు, మొటిమలు, ఏదీ. మాట్లాడితే హెచ్చరిక కాయితం. అది ఫైల్లో ఉన్నవాళ్లకి ప్రమోషన్ లేదు. అందరం సంతకాలు పెట్టాం. మంచి పని చేశామో, పిచ్చి పని చేశామో నాకు తెలియలేదు. నువ్వు చెప్పు.

జునలిన్

~

ఆంటిక్ కొండల మఠం,
మార్చి.

చిన్నీ,

నీ ఉత్తరం చదివి మదర్ నవ్వారట. వంటింట్లో సిస్టర్ చెప్పింది. ఆవిడ నవ్వడం ఈ ఏడాదికి అదే మొదలు, కాబట్టి ఇంకా రాయి.

నేను బెంబెమ్ పక్షం. నేను మఠంలోకి రాకముందు నన్ను మన పెద్దత్త ఎప్పుడు చూసినా "ఎండుచేపా" అనేది. పదిమందిలో అనేది. నేను నవ్వేదాన్ని. ఆవిడ పోయినప్పుడు కూడా నా ప్రార్థనలో ఆ ఎండుచేప అడ్డం వచ్చింది. ప్రేమగా అన్నామని మనం అనుకుంటాం. ఆ ప్రేమ చేరిందో లేదో వాళ్లనే అడగాలి.

ఇక్కడ మాకు ఆ బాధ లేదు. నెత్తి నుంచి పాదం దాకా గుడ్డే. ఎవరి ఒంటి మాట ఎవరూ ఎత్తరు. వచ్చిన కొత్తలో ఇదే స్వర్గం అనుకున్నాను. ఇప్పుడు ఒక్కోసారి ఎవరైనా "ముసలిదానివైపోతున్నావే" అంటే బావుండు అనిపిస్తుంది. (మదర్, ఇది ఫిర్యాదు కాదు.) కాబట్టి నాకూ పూర్తిగా తెలియదు.

ఒక సంగతి. నాలుగు పేజీలు రాశావు. పెర్లా ఏమంది, రోమెల్ ఏమన్నాడు, మనీలా ఆవిడ ఏమంది, అన్నీ ఉన్నాయి. నువ్వెలా ఉన్నావో ఒక్క ముక్క లేదు. తింటున్నావా?

అక్క

~

ఇలోయిలో,
మే.

అక్కా,

ఆలస్యమైంది, తిట్టకు.

ముందు నవ్వొచ్చేది చెప్తాను. మా ఆఫీసులో పొద్దున్నే ఇప్పుడు ఎలా ఉంటుందో తెలుసా? మనాంగ్ పెర్లా లోపలికొస్తుంది, ఎదురుగా మనిషిని చూస్తుంది, నోరు తెరుస్తుంది, మూస్తుంది. మళ్లీ తెరిచి, "నీ చెప్పులు బావున్నాయి" అంటుంది. అందరూ అంతే. చెప్పులు, సంచులు, గొడుగులు. గొడుగు గురించి ఇన్ని మంచి మాటలు ఉంటాయని నాకు తెలియదు. మనాంగ్ పెర్లాని 'శ్రద్ధగా వినే అధికారి'గా కూడా నియమించారు. రూలు ఎవరైనా తప్పితే ఆవిడ హెచ్ఆర్‌లో చెప్పాలి. ఆ మాట అందరికంటే ఎక్కువ అన్న మనిషే ఇప్పుడు అందరి మీదా నిఘా.

బెంబెమ్ మాత్రం మారిపోయింది. చేతుల్లేని పసుపు గౌను వేసుకొచ్చింది. మధ్యాహ్నం బల్ల దగ్గర కూర్చుని రెండు గిన్నెల బచోయ్ నూడిల్స్ సూపు తాగింది, ఎవరివంకా చూడకుండా. అది చూస్తే నాకు ఎంత సంతోషం వేసిందో. కాబట్టి రూలు మంచిదే. అది నేను ఒప్పుకుంటాను.

ఇప్పుడు నువ్వడిగింది. తింటున్నావా అన్నావు. తింటున్నాను అక్కా. ఇదివరకటికంటే ఎక్కువే తింటున్నాను. అయినా చిక్కిపోతున్నాను. క్రిస్మస్ తర్వాత మొదలైంది. ఆఫీసు స్కర్టుకి మొదట ఒక పిన్నీసు పెట్టాను, తర్వాత రెండు. ఇప్పుడు కుట్టించుకున్నాను. గుండె దడదడలాడుతుంది, ఊరికే కూర్చున్నా సరే.

అమ్మకి ఇలాగే మొదలైంది. నువ్వు అప్పటికే మఠంలో ఉన్నావు, నువ్వు చూడలేదు. నేను చూశాను. ముందు గాజులు జారిపోయాయి. తర్వాత మిగతావన్నీ.

డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. భయం. అందుకని నాలో నేనే ఒక ఒప్పందం చేసుకున్నాను. ఎవరైనా "ఏమే, చిక్కిపోయావేం?" అని అంటే అది నిజం, అప్పుడు వెళ్తాను. ఎవరూ అనకపోతే అది నా భ్రమ. పిచ్చి ఒప్పందమే, కానీ ఏం చేయను, ఇంకేం పాలుపోలేదు.

ఎవరూ అనడం లేదు అక్కా.

వీధిలో అంటారు. మా ఇంటి ఓనరమ్మ, "అబ్బ, నడుము ఎంత సన్నగా అయిందే, ఏం తింటున్నావో నాకూ చెప్పు" అంటుంది. చేపలామె కూడా అంతే. అది మెచ్చుకోలు, లెక్కలోకి రాదు. కంగారుపడే గొంతుతో ఎవరో ఒకరు అనాలి, అమ్మ అన్నం వడ్డిస్తూ అనే గొంతుతో. ఆ గొంతుతో అనగలిగేది రోజూ నాతో ఒకే బల్ల మీద తినేవాళ్లే. నేను పస్తులుండడం లేదని వాళ్లకే తెలుసు. వాళ్లేమో నా చెప్పులు బావున్నాయంటున్నారు. ఎవరికీ కనిపించడం లేదంటే అది లేనట్టే కదా? నువ్వే చెప్పు, లేనట్టే కదా?

జునలిన్

~

ఆంటిక్ కొండల మఠం,
జూన్.

జునలిన్,

చిన్నీ అని రాయడం లేదు, ఎందుకంటే కోపంగా ఉన్నాను.

వెళ్లు. డాక్టరు దగ్గరికి వెళ్లు. ఎవరైనా అనాలి అన్నావు. నేను అంటున్నాను. చిక్కిపోయావు. అయిపోయిందా?

నువ్వేం జవాబిస్తావో నాకు తెలుసు. నువ్వు నన్ను చూడలేదు కదా అంటావు. నిజమే, చూడలేదు. నీ చేతిరాత చూశాను. పోయిన ఉత్తరంలో నీ అక్షరాలు గీత మీద నిలబడలేదు. నీ చెయ్యి వణుకుతోంది. అది చాలదా?

అమ్మ సంగతి నేను చూడలేదని రాశావు. నిజమే. ఆ రోజుల్లో నేనిక్కడ పిండి కలుపుతూ ఉన్నాను, మఠం బిస్కట్ల కోసం. ప్రార్థన చేశాను. ప్రార్థన చేస్తే నీకు సాయంగా ఉన్నట్టే అనుకున్నాను. అది సాయమో కాదో ఇప్పటికీ నాకు తెలియదు. నీకు కోపం ఉంటే ఉండనీ. కానీ ఆ కోపంతో అయినా వెళ్లు.

ఫోను చేయడానికి అనుమతి అడిగాను. మాకు ఫోను పండగలప్పుడే, అందుకని మదర్ పండగ దాకా ఆగమన్నారు. నేను గొంతు పెంచాను. అందుకు నాకు శిక్ష పడింది, వారం రోజులు మాట్లాడకుండా ఉండాలి. ఉన్నాను. కానీ ఉత్తరానికి నోరుంటుంది కదా, అందుకే ఇలా అరుస్తున్నాను.

నీ ఆఫీసు రూలు మీద నాకిప్పుడు ఏ అభిప్రాయమూ లేదు. బెంబెమ్ పక్షమే. కానీ నువ్వు నా చెల్లెలివి.

అక్క

~

ఇలోయిలో,
ఆగస్టు.

అక్కా,

అన్నారు. బెంబెమ్ అంది.

ఫొటోకాపీ మిషను దగ్గర నేను నిలబడి ఉన్నాను. తను వెనక నుంచి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. ఒక వేలూ బొటనవేలూ చుట్టూ చేరి ఇంకా ఖాళీ మిగిలింది. "ఏమే జున్, ఇంతలా చిక్కిపోయావేమే? నీకేమైంది?" అంది. ఆ గొంతుతోనే అక్కా. అచ్చం ఆ గొంతుతో.

అక్కడే కూలబడి ఏడ్చాను. ఇన్నాళ్లూ ఎదురుచూసిన మాట వినబడితే ఉపశమనంగా ఉంటుందనుకున్నాను. ఉపశమనం కాదు, భయం. ఇక భ్రమ అని చెప్పుకునే వీలు లేదు.

అప్పుడే మనాంగ్ పెర్లా టీ కప్పుతో అటు వచ్చింది. నేను ఏడుస్తున్నాను, బెంబెమ్ నా చెయ్యి పట్టుకుని ఉంది. "ఏమన్నావు ఆమెని?" అంది. బెంబెమ్ అబద్ధమాడలేదు. మనాంగ్ పెర్లా మొహం తెల్లబోయింది. వెళ్లి హెచ్ఆర్‌లో చెప్పింది. ఆమె ఉద్యోగమే అది, నేను ఆమెని తిట్టలేను.

మర్నాడు మమ్మల్నిద్దరినీ పిలిచారు. హెచ్ఆర్‌లో సర్ జోవెన్ అని చిన్నవాడే, చెమటలు పట్టి ఉన్నాడు. "మిస్ బెంబెమ్ మీ శరీరం గురించి వ్యాఖ్యానించారా?" అన్నాడు. అవును అన్నాను. "దాని వల్ల మీకు నొప్పి కలిగిందా?" అన్నాడు.

కలిగింది కదక్కా. రాత్రంతా ఏడ్చాను కదా. కలగలేదని ఎలా చెప్పను? కలిగింది అన్నాను. తర్వాత చెప్పాల్సింది చాలా ఉంది. నేనే ఆ మాట కోసం ఎదురుచూశానని, అమ్మ గురించి, పిన్నీసుల గురించి. అవేవీ నోటికి రాలేదు. అతను రాసుకున్నాడు. బెంబెమ్ నా వైపు చూసింది. ఆ చూపు ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

తనకి హెచ్చరిక కాయితం ఇచ్చారు. సెప్టెంబరులో తను టీమ్ లీడర్ అవ్వాల్సింది. ఇక అవ్వదు. ఎవరి కోసం ఆ రూలు పెట్టారో ఆమెకే మొదటి కాయితం. ఆఫీసులో అందరికీ అయోమయం. రోమెల్ ఇప్పుడు చెప్పుల గురించి కూడా మాట్లాడడం లేదు, పాదాలు ఒంట్లో భాగమేమో అని.

ఇంకా డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. తిట్టకు, విను. ఎవరైనా అంటే వెళ్తాను అని కదా ఒప్పందం. అన్నారు. కానీ ఆ మాట తప్పని తేల్చారు, కాయితం కూడా ఇచ్చారు. తప్పని తేలిన మాట లెక్కలోకి వస్తుందా? నాకు నిజంగా తెలియడం లేదు.

జునలిన్

~

ఆంటిక్ కొండల మఠం,
ఆగస్టు.

జునలిన్,

ఇది చిన్న ఉత్తరం. మదర్ పక్కనే నిలబడి ఉన్నారు, నేను రాయగానే పట్టుకెళ్లి పోస్టులో వేయించడానికి. ఈసారి ఆవిడ కూడా నా పక్షమే.

వస్తుంది. లెక్కలోకి వస్తుంది. నీకు నొప్పి కలిగింది, ఆ మాటా నిజం. రెండూ ఒకేసారి నిజం కావచ్చు. ఒకటి నిజమైతే రెండోది అబద్ధమై తీరాలని నీకెవరు చెప్పారు?

నిన్ను చూసిన మనిషి ఒక్కర్తే. ఆ ఒక్కదానికీ నువ్వు శిక్ష వేయించావు. కావాలని చేయలేదు, తెలుసు. అయినా వేయించావు. ముందు ఆమె దగ్గరికి వెళ్లు. తర్వాత ఆమెని తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లు. ఒంటరిగా వెళ్తే నువ్వు గుమ్మం దాకా వెళ్లి తిరిగొస్తావు. నిన్ను నేనెరుగుదును.

అక్క

~

ఇలోయిలో,
అక్టోబరు.

అక్కా,

బతికే ఉన్నాను. ముందు అది రాస్తే తర్వాతది నువ్వు నెమ్మదిగా చదువుతావు.

బెంబెమ్ ఇంటికి వెళ్లాను. ఉల్లిపాయలు తరుగుతోంది. క్షమించమన్నాను. తల ఎత్తకుండానే, "నొప్పేసిందా లేదా?" అంది. వేసింది అన్నాను. "మరి నిజమే చెప్పావు. ఆ శిక్షణ రోజు నా నొప్పి చెప్పినప్పుడు నాదీ నిజమే. నిజం చెప్పినందుకు నీ మీద కోపం తెచ్చుకుంటే నా మాటకి విలువేముంది?" అంది. తర్వాత కత్తి పక్కన పెట్టి, "కోపం లేదని కాదు. ఉంది. రేపు సెలవు పెట్టు" అంది.

మర్నాడు ఆసుపత్రిలో నా పక్కనే కూర్చుంది. డాక్టరమ్మ నా మెడ మీద వేళ్లు పెట్టి చూసింది. రక్తం తీశారు. అమ్మకొచ్చింది కాదు అక్కా. కాదు. థైరాయిడ్. గొంతు దగ్గరుండే గ్రంథి అదుపు తప్పి ఒళ్లంతా పరుగులు పెట్టిస్తోందట. మాత్రలు ఇచ్చారు, తగ్గుతుందన్నారు. ఇంకా ఆలస్యమైతే గుండె పాడయ్యేదట. డాక్టరమ్మ చిరాగ్గా అడిగింది, "మెడ ఇంత వాచింది, మనిషి ఇంతలా అయిపోయింది, మీ చుట్టుపక్కల ఎవరికీ కళ్లు లేవా?"

ఆ మాట నాతోనే ఇంటికొచ్చింది. అన్నం తింటున్నా అదే. నేను ఆఫీసులో ఎవరికీ కనిపించనంత తీసిపోయానా అని.

పోయినవారం మిస్ ట్రిక్సీ మళ్లీ వచ్చింది. ఎనిమిది నెలల్లో ఎంత మారామో చూడ్డానికి. అందరూ బాగా మారామని చెప్పారు. అప్పుడు నేను లేచాను. నేనెప్పుడూ లేవనని నీకు తెలుసు. జబ్బు సంగతి చెప్పాను, బెంబెమ్ అన్న మాట చెప్పాను, డాక్టరమ్మ అడిగిన ప్రశ్న కూడా చెప్పాను. "నేను దానికి జవాబు చెప్పలేకపోయాను. మీలో ఎవరైనా చెప్పండి" అన్నాను.

మిస్ ట్రిక్సీ తన కాయితాలు తిరగేసింది. అందులో ఇది లేదు. పాపం, ఆమె మొహం చూస్తే జాలేసింది.

అప్పుడు మనాంగ్ పెర్లా ఏడుపు మొదలెట్టింది. "నేను చూశానే" అంది. "ఈస్టరు ముందే చూశాను. రోజూ ఇంటికెళ్లి మా ఆయనకి చెప్పేదాన్ని, ఆ పిల్ల కరిగిపోతోందయ్యా అని. ఆయన, మరి అడగొచ్చు కదా అనేవాడు. సంతకం పెట్టాను కదా అనేదాన్ని."

రోమెల్ కూడా చూశాడట. క్యాంటీన్ ఆవిడ చూసి నాకు అన్నం ఎక్కువ పెట్టేదట, నేను గమనించనే లేదు. నేను లేని ఫోను గ్రూపు ఒకటి పెట్టుకున్నారట. అందులో నా గురించే మాట్లాడుకునేవారట, జున్‌కి ఏమైంది, ఎవరు అడుగుతారు, నువ్వడుగు, నువ్వడుగు అని. అందరూ చూశారు అక్కా. నేను ఇన్ని నెలలు ఎవరికీ కనిపించడం లేదనుకున్నాను. గది నిండా జనం చూస్తూ కూర్చున్నారు.

నాకు సంతోషమో కోపమో తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. "మాట్లాడొద్దన్నాను కానీ, అడగొద్దని నేను చెప్పలేదు" అంది మిస్ ట్రిక్సీ చిన్న గొంతుతో. "మీరు చెప్పలేదమ్మా. మేమే భయపడ్డాం" అంది మనాంగ్ పెర్లా.

నాకేం పూనిందో తెలియదు. "అయితే ఇప్పుడు అనండి" అన్నాను. "చూసినవాళ్లంతా వచ్చి నా మొహం మీద అనండి. నాకు వినాలని ఉంది."

మొదట మనాంగ్ పెర్లా లేచి వచ్చింది. నా బుగ్గ మీద చెయ్యి పెట్టి, "చిక్కిపోయావు తల్లీ" అంది. ఆమె వెనక రోమెల్. అతని వెనక మిగతావాళ్లు. ఒక్కొక్కరూ వచ్చి అనడం, వెళ్లి కూర్చోవడం. బెంబెమ్ మాత్రం రాలేదు. తను ఎప్పుడో అనేసింది కదా. కుర్చీలో కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంది. ఆమె ఫైల్లో కాయితం ఇంకా అలాగే ఉంది. తీసేయమని సర్ జోవెన్ పైకి రాశాడట, జవాబు రాలేదు.

అందరికంటే చివర్లో సర్ జోవెన్ వచ్చాడు. చేతిలో రాసుకునే అట్టా పెన్నూ ఉన్నాయి. నా ముందు నిలబడి, నేల చూస్తూ, "చాలా చిక్కిపోయారు. నేనూ చూశాను" అన్నాడు. అని ఒక్క క్షణం ఆగి, అలవాటు కొద్దీ అనుకుంటాను, "నొప్పి కలిగిందా?" అని అడిగాడు.

కలిగింది అన్నాను.

ఈసారి అతను రాసుకోలేదు.

నీ జున్